జైతున్‌బీ గుండెలో పెట్టె

కరెంటు పోయింది.

చిలకలూరిపేట హైవే పక్కన ఉన్న ఆ జిన్నింగు మిల్లులో కరెంటు పోవడమంటే ఆడకూలీలకు చిన్నపాటి పండగ. పత్తి నుంచి గింజ విడదీసే జిన్నులు రెండు వరసల్లో ఇరవై నాలుగు ఉన్నాయి. అన్నీ ఒక్కసారి మూలిగి ఆగిపోతాయి. గాల్లో తేలుతున్న దూది నుసి నింపాదిగా కిందికి దిగుతుంది. అప్పటిదాకా ఒకరి చెవిలో ఒకరు అరుచుకున్న ఆడవాళ్ళు మామూలు గొంతులతో మాట్లాడుకుంటారు. ముక్కులకు కట్టుకున్న గుడ్డలు విప్పి, నీళ్ళు తాగి, పత్తి కుప్పల మీద నడుం వాలుస్తారు.

జైతున్‌బీ మాత్రం జిన్ను తొట్టి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎడమ చెయ్యి చొక్కా మీదికి పోయింది. మెడకూ ఎడమ భుజానికీ నడుమ ఉన్న ఎముకకు దిగువన, చర్మం కింద, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, గుండ్రటి అంచుల పెట్టె ఒకటి చేతికి తగులుతుంది. దాన్ని అరచేత్తో కప్పుకుని లోపలి చప్పుడు వింటూ ఉంది. పొద్దుటి నుంచి ఉరుకులు పెడుతున్న గుండె మెట్లు దిగినట్టు దిగిపోతోంది. నూట ఇరవై నుంచి నూరు, నూరు నుంచి ఎనభై. ఆమెకు లెక్క తెలియదు. దిగిపోవడం మాత్రం తెలుస్తోంది.

పక్క జిన్ను మీద పనిచేసే మల్లేశ్వరి చూసింది. "ఏంది వదినా, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహం?"

"జనరేటరు ఎయ్యమనవే. మేస్త్రికి చెప్పు."

"జనరేటరు ఆఫీసు గదిలో ఫ్యానుకి. మనకెక్కడిది? కూకో ముందు."

"కూకుంటే చస్తానే!"

మల్లేశ్వరి నవ్వింది. జైతున్‌బీ నవ్వలేదు. ఆమె నిజంగానే అనుకుంటోంది, చచ్చిపోతానని. తన గుండెలో పెట్టె మిల్లు కరెంటుతో నడుస్తోందని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే మూడు నెలలుగా బతుకుతోంది.

*

జైతున్‌బీది దూదేకుల ఇల్లు. తండ్రి భుజాన విల్లు తగిలించుకుని ఊరూరా తిరిగి పాత పరుపుల్లో దూది ఏకేవాడు. మనిషంత పొడుగున్న ఆ విల్లు నారిని దూదిలో ఆనించి కర్ర గుండుతో కొడితే, గడ్డకట్టిన దూది మబ్బులా విచ్చుకునేది. విల్లు కొస పట్టుకుని నిలబడడం చిన్నప్పుడు జైతున్‌బీ పని. ఆమె పెళ్ళాడిన అల్లాబక్షుదీ అదే వృత్తి. తర్వాత దూది ఏకే మిషన్లొచ్చాయి, వాటి వెనకాలే స్పంజి పరుపులొచ్చాయి. అల్లాబక్షు పరుపులు కుట్టే పని వారానికి రెండు రోజులకు పడిపోయింది. జైతున్‌బీ ఇరవయ్యో ఏట మిల్లుకు పోయింది. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది. ఇల్లు నడిచేది ఆమె రెక్కల మీదే.

నిరుడు, అంటే రెండు వేల రెండు వానాకాలంలో, మూడుసార్లు పడిపోయింది. మొదటిసారి బోరింగు దగ్గర, రెండోసారి మిరపతోటలో కలుపు తీస్తూ, మూడోసారి పొయ్యి ముందు. మొదటిసారి ఫిట్సన్నారు, చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. రెండోసారి నీరసమన్నారు. వీధి చివరి ఆరెంపీ సెలైను ఎక్కించాడు. మూడోసారి నుదురు చీలి నెత్తురు కారుతుంటే అల్లాబక్షు గుంటూరు తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరు మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. నిమిషానికి ముప్ఫై నాలుగు.

మంచివాడే, విడమరిచి చెప్పాడు. "గుండెకి పై గదులు, కింది గదులు ఉంటాయమ్మా. పైనుంచి కొట్టుకో అని కబురొస్తే కింద కొట్టుకుంటుంది. నీకు ఆ కబురు మోసే దారి తెగిపోయింది. కొందరికి గుండె దారి తప్పి గుర్రంలా ఉరుకుతుంది, వాళ్ళకి నెమ్మది చేసే బిళ్ళలున్నాయి, పిచ్చి పట్టిన చోటు చూసి లోపలే కాల్చేసే పద్ధతి ఉంది. నీది అది కాదు, కునుకు తీసే గుండె. వేగం పెంచే బిళ్ళలు నాలుగు రోజులు అదిలిస్తాయంతే. నీకు చర్మం కింద చిన్న పెట్టె పెట్టి, దాంతో గుండెని కొట్టించడమే దారి."

ఆ పెట్టెల్లోనూ రకాలున్నాయి. పై గదికీ కింది గదికీ చెరొక తీగ వేసేది ఒకటి, కింది గదికి మాత్రమే తీగ వేసేది ఇంకొకటి. మొదటిది జైతున్‌బీ లాంటి వాళ్ళకు అందదు. రెండోది ఎవరో దాతలు ఇచ్చారు. చర్మం కోసి, పెట్టె పెట్టి, కుట్లేసి వారంలో పంపించారు.

వచ్చేటప్పుడు డాక్టరు ధైర్యం చెప్పాడు. "నువ్వు కదిలితే అదీ కదులుతుంది. భయం లేకుండా పని చేసుకో."

నర్సు జాగ్రత్త చెప్పింది. "కరెంటు దగ్గర జాగ్రత్తమ్మా. ఆ పెట్టె కరెంటుతో పనిచేసేది."

రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. అడగని మాటే కొంప ముంచింది. నువ్వు ఏం పని చేస్తావమ్మా అని డాక్టరూ అడగలేదు, నర్సూ అడగలేదు. కేసు కాగితంలో వృత్తి అని ఒక గడి ఉంది. అందులో గృహిణి అని రాసి పెట్టారు. ఆడమనిషి కాబట్టి, చీర కట్టుకుని వచ్చింది కాబట్టి, అంతే. పద్దెనిమిదేళ్ళు జిన్ను ముందు నిలబడి దూది నుసి మింగిన మనిషి ఒక్క కలంపోటుతో గృహిణి అయిపోయింది. ఇంటికిచ్చిన కాగితం పూర్తిగా ఇంగ్లీషు. మూడు నెలలకు మళ్ళీ రావాలని అందులోనే ఉంది. అల్లాబక్షు దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రేషన్ కార్డు పక్కన భద్రంగా దాచాడు.

*

నవంబరులో పత్తి రాగానే జైతున్‌బీ మిల్లుకు పోయింది. పెట్టె సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే పనిలోకి రానివ్వరు. కుట్ల మచ్చ కనపడకుండా పాత చొక్కా ఒకటి రవికె మీద తొడుక్కుంది. జిన్నుల దగ్గర చాలామంది అలా చొక్కాలు వేసుకునే వాళ్ళే.

ఆమె పొట్టి మనిషి. పీట మీద నిలబడ్డా తొట్టి అంచు రొమ్ముల పైదాకా వస్తుంది. ఎడమ పక్క అంచుకు ఆనుకుని, కుడిచేత్తో పత్తి లాగి తొట్టిలో పరవాలి. మిషను నడుస్తున్నంతసేపూ తొట్టి వణుకుతుంది, అరుగు వణుకుతుంది, పళ్ళు కూడా వణుకుతాయి.

మొదటి రోజు మోటారు అందుకోగానే ఆమె గుండె కూడా అందుకుంది. చెవుల్లో వేడి, బుగ్గల్లోకి నెత్తురు. ఏడాదిగా చల్లబడిపోతూ, కళ్ళు చీకట్లు కమ్ముతూ ఉన్న మనిషికి ఆ పరుగు ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. డాక్టరు బాబు చెప్పింది నిజమే అనుకుంది. ఆ సాయంత్రం కరెంటు పోయినప్పుడు గుండె దిగిపోయింది. కరెంటు రాగానే మళ్ళీ లేచింది. అప్పుడు నర్సు మాట గుర్తొచ్చింది. పెట్టె కరెంటుతో పనిచేసేది. రెండు మాటలూ కలిపి ఆమె ఒక లెక్క కట్టింది.

మరి ఇంటి దగ్గర ఎట్లా బతుకుతున్నట్టు? దానికీ ఆమె దగ్గర జవాబుంది. ట్రాక్టరు బ్యాటరీ ఛార్జి పెట్టి తీసుకెళ్తే రెండు రోజులు రాదూ? ఇదీ అంతే. మిల్లు సెలవు పెట్టే ఆదివారం ఆమె మంచం దిగేది కాదు, ఉన్న ఛార్జి అయిపోతుందని. అల్లాబక్షే వండి పెట్టేవాడు.

"ఏమే, అంగడి దాకా నడిచొస్తావా?"

"ఎందుకయ్యా వృథాగా? రేపు పొద్దున మిల్లు దాకా నడవొద్దా?"

ఒకసారి వరసగా మూడు రోజులు మిల్లు మూతపడింది. మూడో రోజుకి ఆమెకు భయం పట్టుకుంది. పావుశేరు ఎండుమిరపకాయలు కొంగులో కట్టుకుని వీధిలో కారం మరకు పోయింది. మర తిరుగుతుంటే గచ్చు అదిరేది. ఆ గోడకు వీపు ఆనించి నిలబడింది. ఘాటుకు కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, దగ్గు ఆగడం లేదు. కానీ గుండె లేచింది. ఇక అనుమానం లేకుండా పోయింది. అది మొదలు సెలవు వస్తే చాలు, కారం ఆడించుకునే నెపంతో మర దగ్గరకు పోవడం అలవాటైంది. ఇద్దరున్న ఇంట్లో డబ్బాల నిండా కారమే.

*

ఆ రోజు కరెంటు పోయినప్పుడు ఇక దాచుకోలేకపోయింది. మేస్త్రి రోశయ్య అటుగా వస్తే చెయ్యి పట్టుకున్నంత పనిచేసింది.

"మేస్త్రీ, నీకు దణ్ణం పెడతా, జనరేటరు ఎయ్యి. నా గుండెలో పెట్టె ఉంది. కరెంటు లేకపోతే ఆగిపోద్ది."

రోశయ్య ఆమెను పక్కకు పిలిచి మొత్తం విన్నాడు. నమ్మాడో లేదో అతనికే తెలియదు. పెట్టె కరెంటుతో నడవడమేమిటని అడిగి తెలుసుకునే తీరికా, అవసరమూ అతనికి లేవు. సీజను ముమ్మరంగా ఉంది. యార్డులో పత్తి కొండలా పడి ఉంది. నాలుగో జిన్ను మీద పనిచేసే మనిషి మానేసి వారమైంది.

"ఎవరికీ చెప్పమాకులే," అన్నాడు మెల్లగా. "యజమానికి తెలిస్తే గేటు బయటే. నేను చూసుకుంటాగా. నాలుగో జిన్ను కూడా నువ్వే పట్టు. రెండింటి మధ్య నిలబడితే నీకూ మంచిదేగా? రెండో షిఫ్టుకి కూడా ఉండు. ఎంతసేపుంటే అంత ఛార్జి."

ఆమె అతనికి మొక్కింది. అదే తనకు బాధ అనిపించే సంగతని తర్వాత్తర్వాత మల్లేశ్వరి పదిమందికి చెప్పేది. "మనిషి చేత ఇద్దరి చాకిరీ చేయించుకుని, పైగా దణ్ణం పెట్టించుకున్నాడమ్మా!"

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. రోజుకు పద్నాలుగు గంటలు. అవసరం ఉన్నా లేకపోయినా గుండె పరుగే. కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడేది. నిలబడే పని కదా అనుకుంది. పడుకుంటే ఊపిరి ఆడక రెండు దిండ్లు వేసుకునేది. దూది నుసి కదా అనుకుంది. ప్రతిదానికీ ఒక కారణం దొరికేది, అసలుది తప్ప.

ఏప్రిల్ ఆఖరుకు పత్తి అయిపోయింది. మిల్లు మూసే రోజు కూలీలందరూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. జైతున్‌బీ రోశయ్య దగ్గరకు పోయి మెల్లగా అడిగింది.

"మేస్త్రీ, చిన్న మోటారు ఒక్కటైనా తిప్పి ఉంచరా? రోజూ ఒక్క గంట. నేనొచ్చి పక్కన నిలబడి పోతా. కూలి వద్దు."

సీజను అయిపోయింది. రోశయ్యకు ఇక దాచే పని లేదు. పెద్దగా నవ్వేశాడు. "ఇదిగో, విన్నారటే! జైతున్‌బీ గుండె మన మోటారుతో నడుస్తందంట. మిల్లు మూస్తే ఆగిపోద్దంట. ఆరు నెలలు ఎవరన్నా ఇంట్లో ప్లగ్గు పెట్టించండమ్మా!"

అందరూ ఘొల్లుమన్నారు. నవ్వులు కొంతసేపటికి తగ్గాయి. ఎందుకంటే జైతున్‌బీ చొక్కా గుండీ విప్పి పెట్టె చూపిస్తోంది. చర్మం కింద ఎత్తుగా, పక్కన అడ్డంగా మచ్చ.

మల్లేశ్వరి ముందుకొచ్చింది. "ఇది నీకు తెలుసా మేస్త్రీ?"

"ఆమే చెప్పింది."

"తెలిసే రెండు జిన్నుల మధ్య నిలబెట్టావా? తెలిసే డబుల్ షిఫ్టు చేయించావా?"

"ఆమే అడిగిందమ్మా! నేనేమన్నా కట్టేశానా?"

దారిలో మల్లేశ్వరి ఆమెను నిలదీసింది. "అసలు కరెంటు లోపలికి ఎట్టా పోద్దనుకున్నావు వదినా? నీకేమన్నా వైరుందా?"

"రేడియోకి వైరుందా? గాల్లో రావట్లా పాటలు?"

మల్లేశ్వరి చదివింది ఏడో తరగతి. "నాకూ తెలవదు," అంది. "తెలిసినోళ్ళని అడుగుదాం. గుంటూరు పోదాం పద."

"ఛార్జి లేకుండా గుంటూరు దాకా ఎట్టా పోను? దార్లో పోతే?"

*

మేలో ఎండలు మండాయి. కారం మర కూడా రోజుకు రెండు గంటలే తిరుగుతోంది. జైతున్‌బీ మంచానికి అతుక్కుపోయింది. పెట్టె మీద చెయ్యి వేసుకుని రోజంతా వింటూ ఉండేది. అది డెబ్బై దగ్గర, బుద్ధిగా, ఒకే తీరుగా కొట్టుకుంటోంది. ఆరోగ్యవంతుల గుండె ఎట్లా కొట్టుకుంటుందో అట్లాగే. ఆమెకు మాత్రం అది ఆరిపోబోయే దీపంలా వినిపించేది.

ఒకనాడు పొద్దున్నే కరెంటు పోయింది. రాత్రి దాకా రాదన్నారు. ఆ సాయంత్రానికే కావాలని ఎవరో పాత పరుపు తెచ్చి వేశారు. అతను దూది ఏకించుకొచ్చే అంగడిలో మిషను ఆగిపోయింది. అల్లాబక్షు కాసేపు తల గోక్కుని, అటక మీది నుంచి మామగారి విల్లు దించాడు. పన్నెండేళ్ళుగా ముట్టుకోనిది. నారి బిగించి చూస్తే ఇంకా పలికింది.

"కొస పట్టుకునే మనిషి కావాలే," అన్నాడు జంకుతూ. "నిలబడక్కర్లేదులే. కూకునే పట్టుకో."

ఆమె లేచి వచ్చి కూర్చుంది. చిన్నప్పటి అలవాటున విల్లు కొస ఎడమ భుజానికి ఆనించుకుంది. అల్లాబక్షు గుండు ఎత్తి నారి మీద కొట్టాడు. జుంయ్ మంది. కర్ర వణుకు భుజంలోకి, భుజం నుంచి రొమ్ములోకి పాకింది. నాలుగు దెబ్బలు, పది దెబ్బలు. దూది లేచి మొహానికి అంటుకుంటోంది.

గుండె లేచింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. వీధిలో ఎక్కడా కరెంటు లేదు. ఫ్యాను చూసింది, తిరగడం లేదు. బల్బు చూసింది, వెలగడం లేదు.

"ఆపు," అంది.

అల్లాబక్షు ఆపాడు. రెండు నిమిషాలకు గుండె దిగింది.

"కొట్టు."

కొట్టాడు. లేచింది.

"ఆపు."

"ఏందే ఆట?" అన్నాడతను.

ఆమె విల్లు కింద పెట్టింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "కరెంటు కాదయ్యా," అంది. "ఊపు. ఇది కదిలితే అది కదులుద్ది. నన్ను కాదు చూసేది. ఊపుని చూస్తంది." పెట్టె మీద చెయ్యి వేసి మళ్ళీ అంది, "ఇన్ని నెలలూ ఉత్తపుణ్యానికి పరిగెత్తిచ్చుకున్నా దీన్ని."

డాక్టర్లు చెప్పలేదు. కాగితంలో ఉన్నా చదవలేకపోయింది. చివరికి ఒక పాత విల్లు చెప్పింది.

*

గుంటూరు ఆసుపత్రికి పెట్టెలు పరీక్ష చేసే టెక్నీషియను నెలకు ఒక్క గురువారం వస్తుంది. పేరు దీప్తి. చిన్న సూట్‌కేసు లాంటి మిషను తెచ్చుకుంటుంది. దాని తీగ చివర ఉన్న బిళ్ళను రొమ్ము మీద పెడితే లోపలి పెట్టె కథంతా తెర మీదికి వస్తుంది.

దీప్తి తెర చూసి, కాగితం చూసి కనుబొమలు ముడేసింది. "అమ్మా, మీరు ఏం పని చేస్తారు?"

జైతున్‌బీ తనకు తోడు వచ్చిన మల్లేశ్వరి వైపు చూసింది. ఆ ప్రశ్న రావడానికి పది నెలలు పట్టింది.

దీప్తి తెర వైపు చూపించింది. "ఎందుకంటే మొన్నమొన్నటిదాకా రోజుకి పద్నాలుగు గంటలు పరుగెత్తినట్టు ఉంది ఇందులో. కాగితంలో చూస్తే గృహిణి అని ఉంది. ఇంట్లో అంత పరుగేమిటి?"

"జిన్నింగు మిల్లమ్మా. ఊపుకి లేస్తంది కదూ ఇది?"

దీప్తి తలెత్తి చూసింది. "మీకెవరు చెప్పారు?"

"విల్లు చెప్పింది," అంది మల్లేశ్వరి. ముగ్గురికీ నవ్వొచ్చింది.

దీప్తి చూపుడు వేలితో పెట్టె మీద టకటకా తట్టింది. తెర మీద అంకె డెబ్బై నుంచి ఎనభై, తొంభై అయి నూటపది దాటింది. ఆపగానే మెల్లగా దిగింది. లోపల చిన్న పలక ఉంటుందని, మనిషి నడిస్తే ఒళ్ళు కదులుతుంది కాబట్టి ఆ కదలికను పట్టి గుండెను వేగంగా కొట్టిస్తుందని చెప్పింది. నడకేదో, మిషను అదురేదో దానికి తెలియదు. బ్యాటరీ లోపలే ఉంది, ఏళ్ళ తరబడి వస్తుంది, బయటి ఛార్జి అక్కర్లేదు.

తర్వాత డాక్టరు గుండె స్కానింగు చూసి గొంతు తగ్గించి మాట్లాడాడు. నెలల తరబడి ఊరికే ఉరికించడం వల్ల గుండె కండ అలిసిపోయింది. కాళ్ళ వాపు దానిదే. మందులు రాస్తాడు. కొంత కోలుకోవచ్చు. ఎంతన్నది చెప్పలేడు.

"ఈ పలకని ఆపెయ్యండి బాబూ," అంది జైతున్‌బీ. "నా పని నేను చేసుకుంటా."

"ఆపొచ్చమ్మా. అప్పుడు నువ్వు బరువెత్తినా, మెట్లెక్కినా గుండె డెబ్బై దగ్గరే ఉంటుంది. పని చేస్తుంటే ఆయాసం వస్తుంది, కళ్ళు తిరుగుతాయి."

"ఉంచితే?"

"జిన్ను దగ్గర మళ్ళీ ఇదే."

"మధ్యలో లేదా ఏమన్నా?"

"సగానికి తగ్గించవచ్చు," అంది దీప్తి. "నడకకి కొంచెం లేస్తుంది. మిషను అదురుకి లేవడం తగ్గుతుంది కానీ పోదు. ఊపిరి లోతుని చూసి నడిచే పెట్టెలు కూడా వచ్చాయి. అవి ఇట్లా మోసపోవు. కానీ మీకున్నది ఇది. బ్యాటరీ అయ్యేదాకా దీన్ని మార్చరు."

జైతున్‌బీ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మూడు దార్లున్నాయి. మూడింట్లోనూ జిన్ను లేదు. పద్దెనిమిదేళ్ళుగా తెలిసిన పని అదొక్కటే.

"సగానికి పెట్టమ్మా," అంది. "ఇంకో రెండు పన్లు కూడా చెయ్యాలి. ఆ కాగితంలో గృహిణి కొట్టేసి జిన్ను కూలీ అని రాయి. నా తర్వాత వచ్చేదాన్నన్నా అడుగుతారు."

దీప్తి కొట్టేసి రాసింది.

"డాక్టరు బాబూ, నేను మిషను మీద నిలబడకూడదని, కూర్చుని చేసే పని ఇవ్వాలని మిల్లుకి చీటీ రాయండి. తెలుగులో రాయండి. ఇంగ్లీషులో రాస్తే మేస్త్రి జేబులో పెట్టుకుంటాడు."

*

అక్టోబరు చివర మిల్లు తెరిచారు. రోశయ్య చీటీ చూడకుండానే తల అడ్డంగా ఊపాడు. "పత్తి ఏరే పని ముసలోళ్ళకమ్మా. అక్కడ చోటు లేదు. జిన్ను మీదికి రాలేనంటే ఇంటికి పో."

జైతున్‌బీ కదల్లేదు. "పోయిన సీజన్లో ఇద్దరి పని ఒక్కదాన్ని చేసినప్పుడు చోటు గురించి మాట్లాడావా మేస్త్రీ?"

మల్లేశ్వరి చీటీ లాక్కుని అందరికీ వినపడేలా చదివింది. ఏడో తరగతి చదువు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని. గేటు దగ్గర పోయిన సీజన్లో ఘొల్లుమన్న ఆడవాళ్ళే ఇప్పుడు చప్పుడు లేకుండా విన్నారు. చదవడం అయ్యాక ఎవరూ జిన్నుల మీదికి ఎక్కలేదు. మోటార్లు ఖాళీగా తిరుగుతున్నాయి. ఆఫీసు గది నుంచి గుమస్తా బయటికొచ్చి ఏం జరిగిందని అడిగాడు. మోటారు ఖాళీగా తిరిగితే యజమానికి నొప్పి. పావుగంట తర్వాత జైతున్‌బీకి ఏరే చోట పీట వేశారు.

గెలుపని చెప్పడానికి లేదు. ఏరే పనికి కూలి తక్కువ. జిన్నులకు దూరమే అయినా గచ్చు అదురు అక్కడిదాకా పాకుతుంది. బస్తా లేపాలంటే ఆయాసం. కాళ్ళ వాపు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఎండుటాకు, పుచ్చు పత్తి ఏరి పక్కన పెడుతూ, గంటకోసారి పెట్టె మీద చెయ్యి వేసి చూసుకుంటుంది. ఆమె ఖాళీ చేసిన జిన్నుకు రోశయ్య కొత్త మనిషిని పెట్టలేదు. అది మల్లేశ్వరికి అప్పజెప్పాడు. చీటీ చదివినందుకో, సీజను కాబట్టో, ఎవరు అడుగుతారు?

నవంబరులో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది.

జిన్నులు మూలిగి ఆగిపోయాయి. నుసి కిందికి దిగింది. జైతున్‌బీ చెయ్యి అలవాటు కొద్దీ చొక్కా మీదికి పోయింది. కొట్టుకుంటోంది. ఎక్కడా తగ్గలేదు, ఆగలేదు. తన పని తాను చేసుకుంటోంది.

మల్లేశ్వరి అరుగు దిగి వచ్చి ఆమె పక్కన కూలబడింది. మొహమంతా చెమట. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. "రెండు జిన్నులంటే మాటలా వదినా," అంది నవ్వబోయి. నవ్వు రాలేదు.

జైతున్‌బీ ఆమె మణికట్టు పట్టుకుంది, గుంటూరు డాక్టరు తన చెయ్యి పట్టుకున్నట్టే. ఏ పెట్టె లేని గుండె. అయినా వేళ్ళ కింద నాడి ఉరుకుతోంది.

అంతలో కరెంటు వచ్చింది. మోటార్లు అందుకున్నాయి. గచ్చు వణికింది. రోశయ్య అవతలి నుంచి కేకేశాడు. "ఏమ్మే మల్లేశ్వరీ, రెండు తొట్లూ ఖాళీ! ఎక్కు!"

మల్లేశ్వరి లేవబోయింది. జైతున్‌బీ పట్టు వదల్లేదు.

"లెగవమాక," అంది. "ఇది దిగేదాకా లెగవమాక. నేను చెప్తా."

రోశయ్య మళ్ళీ కేకేశాడు. జైతున్‌బీ కళ్ళు మూసుకుని, వేళ్ళ కింద ఆ నాడినే వింటూ కూర్చుంది.